ముందు లేచినదే ఒకటో నంబరు

అక్టోబరు 6, సోమవారం

గెడ్డపేటలో పెట్టె బిగించి వచ్చాను. ఒళ్ళంతా ఉప్పు.

మత్స్యకార సొసైటీ భవనం వెనక చిన్న గది. గోడకి మా పెట్టె, పెట్టెలో అరచేయంత కంప్యూటర్ బోర్డు. బయట స్తంభం మీద గాలి వేగం కొలిచే గిన్నెలు, వాటి కింద ఊరంతటికీ వినపడే రెండు హార్నులు. గాలి హద్దు దాటితే పెట్టె తనంతట తానే హార్నుల్లో హెచ్చరిక వినిపిస్తుంది. గదిలో ఇంకో చిన్న స్పీకరు, మైకు ఉన్నాయి. అవి నేను శ్రీకాకుళం ఆఫీసులో కూర్చుని, ఆ గది చూసుకునే ఎర్రన్న మావతో మాట్లాడుకోవడానికి.

హెచ్చరికకి మొదట ఎవరో చక్కటి గొంతుతో రికార్డు చేసి పంపారు. "మత్స్యకార సోదరులకు విజ్ఞప్తి" అని మొదలైంది. ఒడ్డున వల సర్దుకుంటున్నవాళ్ళు ఓట్లకి ఎవరొచ్చారా అని రోడ్డు వైపు చూశారు. దాన్ని తీసేసి జగ్గమ్మ చేత చెప్పించాను. జగ్గమ్మ చేపలమ్ముతుంది. బుట్ట దించి ఒక్క కేక వేస్తే మూడో వీధిలో పిల్లులు లేచి వస్తాయి. "ఓలమ్మో, ఓలయ్యో, గాలి లేస్తన్నాది! పడవలు దించకండి! దించినోలు బేగి ఒడ్డుకొచ్చీయండి!" అంది. సోదరులందరికీ అర్థమైంది.

హార్నుకొకటి, చిన్న స్పీకరుకొకటి, రెండు సౌండ్ కార్డులు పెట్టాను. బొటనవేలంత ఉంటాయి. ఒకే కంపెనీ, ఒకే నలుపు, ఒంటి మీద నంబరు కూడా లేదు. కరెంటు వచ్చి బోర్డు లేచినప్పుడు ఏది ముందు కనబడితే దానికి ఒకటి అని పేరు పెడుతుంది, రెండోదానికి రెండు. ఒకటి అంటే హార్ను, రెండు అంటే చిన్న స్పీకరు అని ప్రోగ్రాములో రాశాను. ఆఫీసులో పదిసార్లు ఆపి, పెట్టి చూశాను. పదిసార్లూ హార్నుదే ముందు లేచింది.

ఏ సాకెట్టులో గుచ్చి ఉందో చూసి పేరు పెట్టమని చెప్పే ఫైలు ఒకటి రాస్తే ఈ ముందూ వెనకల గొడవే ఉండదు. అరగంట పని. కానీ మూడున్నర బస్సు పోతే మళ్ళీ ఆరింటికి. పదిసార్లు చూశాక ఇంకా అనుమానం ఏమిటి? తర్వాత రాస్తాను.

బస్సులో ఉండగా ఆఫీసు నుంచి వినోద్ ఫోన్ చేశాడు. "సాకెట్ల ఫైలు రాశారు కదా దుర్గ గారూ?"

ఊఁ అన్నాను.

ఊఁ అంటే రాశానని కాదు. విన్నానని.

అక్టోబరు 7

వినోద్ ఇవాళ చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకొచ్చాడు. సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇది ఇక్కడ ఎందుకు రాశానో తెలియదు.

అక్టోబరు 8, బుధవారం

ఎర్రన్న మావకి మొదటి కాల్. రోజూ నాలుగున్నరకి చేయాలి. గిన్నెలు తిరుగుతున్నాయా, బ్యాటరీ లైటు పచ్చగా ఉందా, గదిలోకి నీళ్ళొచ్చాయా. మూడే ప్రశ్నలు, రెండు నిమిషాల పని. నలభై నిమిషాలు మాట్లాడాను.

మావకి అరవై దాటాయి. మోకాలు పాడై వేట మానేశాడు. నా మాటకి అడ్డు రాడు. ఆగి ఆగి ఊఁ అంటాడు. నెల్లిమర్లలో మా ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారు. నాన్న జూటుమిల్లులో ముప్పై ఏళ్ళు మిషన్ల మీదుగా అరిచి అరిచి ఇంట్లోనూ అదే గొంతు. నేను మొదలుపెట్టిన వాక్యాన్ని చివరిదాకా విన్న మొదటి మనిషి ఎర్రన్న మావే అనుకుంటాను.

సొసైటీ సెక్రటరీ నారాయణమూర్తి గారి మీసం సంగతి చెప్పాను. పెట్టె బిగించిన రోజు ఎండలో నిలబడితే మీసానికి వేసిన రంగు చెమటకి కరిగి గడ్డం దాకా దిగింది. ఆయన మాత్రం సముద్రాన్ని చూస్తూ గంభీరంగా ఉన్నాడు. "తారు రోడ్డు కరిగినట్టు కరిగిపోయింది మావా" అన్నాను.

"ఊఁ" అన్నాడు మావ.

పెట్టె బాగా పనిచేస్తోందని సంతకం పెట్టాల్సింది ఆ నారాయణమూర్తి గారే. పదిహేను రోజులు చూసి పెడతానన్నారు. సంతకం పడితే పక్కనున్న మూడు ఊళ్ళ పనీ నాకే ఇస్తానని మా సార్ మురళీమోహన్ గారు అన్నారు.

అక్టోబరు 10, శుక్రవారం

నిన్న అక్కడ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిందట. నిన్నా ఇవాళా నా గొంతు నాకే కాస్త ఆలస్యంగా తిరిగి వినిపించింది, నూతిలోకి మాట్లాడినట్టు. కుక్కలు కూడా మొరిగాయి.

"ఏటి మావా, గొంతు మారుమోగుతోంది?"

"గాలి బుజ్జీ. సముద్రం గాలి."

మాటల్లో వినోద్ సంగతి వచ్చింది. టీ తాగేటప్పుడు జుర్రుమని చప్పుడు చేస్తాడని, తనది పొందూరు కాబట్టి ఖద్దరు గురించి తనకొక్కడికే తెలుసనుకుంటాడని, నవ్వితే కుడి బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుందని, ఎడమ వైపు ఎందుకు పడదో ఎవరైనా డాక్టరుని అడగాలని చెప్పాను. పావుగంట తిట్టాను. పని చేసే చోట ఇలాంటి మనిషి ఉంటే ఎంత చికాకో మావకి అర్థమైంది.

అక్టోబరు 13, సోమవారం

నారాయణమూర్తి గారికి ఫోన్ చేశాను. పెట్టె ఎలా ఉందండీ అన్నాను.

"బాగా మాటాడతన్నాదమ్మా."

"అయితే సంతకం..."

"మరీ బాగా మాటాడతన్నాది." పెట్టేశారు.

ఆయనకి నామీద కోపం ఉన్నట్టుంది. నేనేం చేశానో తెలియదు. కొందరి స్వభావం అంతే.

అక్టోబరు 15, బుధవారం

బోర్డు తనలో జరిగిందంతా వేళతో సహా రాసుకునే చిట్టా (మేము లాగు అంటాం) చూస్తే ఒక వింత. రోజూ నాలుగూ ఇరవైకి రెండు సౌండ్ కార్డులూ మాయమై, నిమిషంలో తిరిగి కనబడుతున్నాయి. మళ్ళీ ఐదుంపావుకి అలాగే. ఎవరో పీకి గుచ్చినట్టు. సరిగ్గా నా కాల్‌కి ముందూ, తర్వాతా.

ఉప్పు గాలి. సాకెట్లు తుప్పు పట్టి వదులవుతున్నాయి. సాయంత్రం తేమ ఎక్కువ కాబట్టి ఆ వేళకి అవుతోంది. చాలా శాస్త్రీయంగా ఉంది.

సార్ నివేదిక అడిగారు. తుప్పు అని రాస్తే పది రోజుల్లో తుప్పేమిటంటారు. అందుకని "గది చూసుకునే వ్యక్తి అజాగ్రత్త కావచ్చు" అని రాశాను. కావచ్చు అన్నాను. అయి తీరుతుందనలేదు.

అక్టోబరు 17, శుక్రవారం

పోయినేడు వినోద్ పెద్ద మనిషిలా కోనసీమ కంపెనీ వాళ్ళకి బోర్డు చూపిస్తూ, వైరు తలపాగాలా చుట్టుకుని అలాగే భోజనానికి కూర్చున్న కథ చెప్పాను. వెనకాల పకపకా నవ్వులు వినపడ్డాయి.

"ఎవరు మావా?"

"కోళ్ళు."

"కోళ్ళు ఇలా నవ్వుతాయా?"

"మా ఊరి కోళ్ళు నవ్వుతాయి బుజ్జీ. నువ్వు సెప్పు. ఆ వైరు ఎవులు ఇప్పీసినారు?"

నేనే విప్పాను. ఆ మాట చెప్పాక కోళ్ళు కూడా నవ్వడం మానేశాయి.

అక్టోబరు 21, మంగళవారం

నిన్న దీపావళి సెలవు, కాల్ చేయలేదు.

"నిన్న మాటాడనేదేటి?" అన్నాడు మావ, కోపంగా. "ఊరంతా..." అని ఆగిపోయాడు.

"ఊరంతా ఏటి?"

"ఊరంతా దీపాలెట్టినారు అంతన్నాను."

అక్టోబరు 23, గురువారం

సంతకం ఇంకా పడలేదేమిటని సార్ వినోద్‌ని నాతో గెడ్డపేట పంపారు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఏమీ అర్థం కాలేదు.

బస్సు దిగేసరికి ఎదురుగా పన్నెండు మంది ఆడవాళ్ళు. పనులు మానుకుని నిలబడ్డారు. జగ్గమ్మ ముందుకొచ్చి వినోద్‌ని కిందినుంచి మీదికి చూసింది.

"ఇతగాడేనేటి?" అంది, ఎవరినీ అడగనట్టు.

"నవ్వమను, తెలిసిపోతాది" అన్నారు వెనకనుంచి.

వినోద్ మర్యాదకి నవ్వాడు. కుడివైపే, అని ఒకావిడ పక్కావిడతో అంది. అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అతనికి కుర్చీ వేశారు. వంజరం వేపుడు పెట్టారు. నాకు మజ్జిగ ఇచ్చారు. ఆ తర్వాత టీ తెచ్చి అతని చేతికిచ్చి చుట్టూ మూగి నిలబడ్డారు. అతను జుర్రుమన్నాడు. ఇక ఆపుకోలేకపోయారు. జగ్గమ్మ అయితే స్తంభం పట్టుకుని నవ్వింది. ఎర్రన్న మావ పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు.

వినోద్ గదిలోకి వెళ్ళి పెట్టె చూశాడు. హార్నులు హార్నుల్లా, స్పీకరు స్పీకరులా పనిచేశాయి. బయటికొచ్చి నన్నొకసారి చూసి, "సాకెట్ల ఫైలు రాశారు కదా?" అన్నాడు.

"ఊఁ."

తిరుగు బస్సులో ఎప్పుడూ వాగేవాడు వాగలేదు. శ్రీకాకుళం దగ్గర పడ్డాక అడిగాడు. "దుర్గ గారూ, నేను టీ తాగేటప్పుడు నిజంగా చప్పుడు చేస్తానా?"

కిటికీలోంచి దూకేద్దామనిపించింది.

అక్టోబరు 24

ఎర్రన్న మావ చెప్పేశాడు. ఇంకెవరు చెబుతారు? ఒక్క మనిషి దగ్గర మనసు విప్పితే ఊరంతా టముకు వేశాడు. ఇక కాల్ చేయను. గిన్నెలు తిరిగితే తిరుగుతాయి.

అక్టోబరు 25

చేయలేదు.

అక్టోబరు 27

చేయలేదు. నాలుగున్నరకి చేతులు ఏం చేసుకోవాలో తెలియక బీరువా సర్దాను.

అక్టోబరు 28, మంగళవారం

మధ్యాహ్నం రెండున్నరకి గెడ్డపేటలో హఠాత్తుగా గాలి లేచింది. ఆ సమయానికి ఒడ్డున మూడు పడవలు దించడానికి సిద్ధంగా ఉన్నాయి. హార్నులు పలకలేదు. హార్ను పలకలేదంటే గాలి తగ్గిపోతుందిలే అనుకుని ఒక పడవ దించారు. కెరటాల దగ్గరే తిరగబడింది. నలుగురూ ఈది ఒడ్డుకొచ్చారు. పడవ పక్క చెక్క విరిగింది, వల పోయింది. అందులో ఉన్న అప్పలసూరికి పడవ అంచు తగిలి చెయ్యి విరిగింది.

అప్పలసూరి జగ్గమ్మ భర్త.

నారాయణమూర్తి గారు మా సార్‌కి ఫోన్ చేసి అరిచారు. పెట్టె చెబుతుందని నమ్మి ఆకాశం చూడటం మానేశారండీ మావోళ్ళు, అన్నారట. సార్ నా నివేదిక తీసి చదివారు. "గది చూసుకునే వ్యక్తి అజాగ్రత్త. ముందే రాశావు దుర్గా, మంచి పని చేశావు. అతన్ని తీసేయమని చెబుతాను" అన్నారు.

కావచ్చు అని రాశాను, సార్. కావచ్చు.

ఆ మాట పైకి అనలేదు.

అక్టోబరు 29, బుధవారం

పొద్దున్నే గెడ్డపేట వెళ్ళాను. గది తాళం చెవి అప్పటికే ఎర్రన్న మావ మొలతాడుకి లేదు. నారాయణమూర్తి గారు తీసేసుకున్నారు. మావ గది గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే మోకాలు సహకరించలేదు.

"నాదే తప్పు బుజ్జీ" అన్నాడు.

"ఏటి మావా నీ తప్పు?"

కాసేపు ఇసకలో గీతలు గీశాడు. తర్వాత చెప్పాడు.

మొదటి వారంలో కరెంటు పోయి వచ్చిన రోజు, నా కాల్ చిన్న స్పీకరులో కాకుండా హార్నుల్లో వచ్చింది. మర్నాడు నేను వినోద్ బుగ్గ సొట్ట గురించి మాట్లాడుతుంటే ఊరంతా విన్నది. వలలల్లేవాళ్ళు చేతులాపారు. చెప్దామనుకుంటే ఆడవాళ్ళు గదిలోకొచ్చి మావ నోరు మూసేశారు. ఆ కాల్ అయ్యాక ఆ రెండు ముళ్ళూ (సౌండ్ కార్డులని మావ అలాగే అంటాడు) పీకి, దుమ్ము తుడిచి గుచ్చాడు. మాట మళ్ళీ చిన్న స్పీకరులోకి పోయింది. ఆడవాళ్ళు ఊరుకోలేదు.

"అప్పుడు నీ పెట్టె గుట్టు నాకు తెలిసిపోనాది. ముందు ఏ ముల్లు గుచ్చితే ఆడు పెద్దోడు. సాయంత్రం సిన్నదాన్ని ముందు గుచ్చితే నీ మాట పైకి పోతాది. నువ్వు పెట్టీసేక పెద్దదాన్ని ముందు గుచ్చి యథాపెకారం సేసీవోడిని. రోజూ సేసినాను. ఆకరిసారి తిరగేసి వొగ్గేసినట్టున్నాను. నా సేతులతో నానే అప్పలసూరి సెయ్యి ఇరగ్గొట్టినాను."

హార్నుల్లో ఎన్ని రోజులు మాట్లాడానో వేళ్ళ మీద లెక్కపెట్టాను. పది రోజులు. మీసం సంగతొకటే ఆ గదిలో ఉండిపోయింది, అది మొదటి రోజుది. కాదు, తారు రోడ్డు పోలిక బాగుందని పద్నాలుగో తారీకు మళ్ళీ చెప్పాను. పదమూడునే ఆయన కోపంగా ఉన్నారంటే అంతకుముందు కూడా చెప్పి ఉంటాను. ఎన్నిసార్లు చెప్పానో గుర్తులేదు.

వైరు ఎవరు విప్పారో కూడా విన్నారు.

జగ్గమ్మ ఇంటి ముందునుంచే బస్సుకి నడిచాను. లోపలికి వెళ్ళలేదు. సిగ్గు వల్ల అనుకున్నాను.

అక్టోబరు 30, గురువారం

లాగు చూశాను. రెండుసార్లు చూశాను.

కార్డులు పీకి గుచ్చినట్టు చివరిసారి కనబడింది ఇరవై రెండో తారీకున. ఇరవై మూడున వినోద్ చూసినప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ తర్వాత నేను కాల్ చేయలేదు కాబట్టి మావ వాటిని ముట్టుకోలేదు. ఇరవై ఎనిమిదిన పన్నెండూ పదికి కరెంటు పోయి వచ్చింది. బోర్డు లేచింది. ఈసారి చిన్న స్పీకరు కార్డు ముందు లేచింది. తనంతట తానే. రెండున్నరకి హెచ్చరిక మూడుసార్లు వెళ్ళింది, ఒకటో నంబరుకి.

అంటే జగ్గమ్మ గొంతు తాళం వేసిన గదిలో గోడలకి చెప్పింది, పడవలు దించకండని. బయట ఆమె మొగుడు పడవ దించుతున్నాడు.

మావ తప్పు కాదు. తన తప్పేనని మావ నమ్ముతున్నాడు. ఊరూ నమ్ముతోంది. సార్ నా నివేదిక నమ్ముతున్నారు. లాగు నేను తప్ప ఎవరూ చదవరు.

అక్టోబరు 31, శుక్రవారం

ఆఫీసుకి రాగానే ఫైలు రాశాను. కుడివైపు పై సాకెట్టులో ఉన్నది హార్ను. ఎడమవైపు కింద సాకెట్టులో ఉన్నది గది స్పీకరు. ఏది ముందు లేచినా, ఏది తర్వాత లేచినా. నాలుగు వరుసలు. గడియారం చూసుకున్నాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

తర్వాత వినోద్ బల్ల దగ్గరికి వెళ్ళి లాగు కాగితం పెట్టాను. "ఆ ఫైలు రాయలేదు. ఇవాళ రాశాను" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "ఇరవై మూడున గదిలో చూశాను. బోర్డులో లేదు."

"మరి చెప్పలేదేం?"

"మీరు ఊఁ అన్నారు. సార్‌కి చెబితే మిమ్మల్ని పట్టించినట్టుంటుందని, మీరే చెబుతారులే అని ఊరుకున్నాను. నేను అక్కడే కూర్చుని రాసేయాల్సింది. ఐదు రోజులు ఎదురు చూశాను." అతని ముఖంలో ఏ వైపూ సొట్ట లేదు. "అప్పలసూరి సంగతి విన్న దగ్గర్నుంచి నాకూ తిండి దిగడం లేదు దుర్గ గారూ."

ఇద్దరం సార్ గదిలోకి వెళ్ళాం. తలుపు వేసి ఉన్నా సార్ గొంతు వీధిదాకా వినపడిందట, ఏ హార్నూ లేకుండా.

నవంబరు 1, శనివారం

ఈ రోజు సంగతి తప్పించుకోకుండా రాయాలి.

గెడ్డపేట వెళ్ళి ఫైలు పెట్టెలో ఎక్కించాం. వినోద్ ఇరవైసార్లు కరెంటు ఆపి, పెట్టాడు. ముళ్ళు పీకి, ముందుది వెనకా, వెనకది ముందూ గుచ్చాడు. ఇరవైసార్లూ ఎవరి పేరు వాళ్ళకే వచ్చింది. మావ గుమ్మంలోంచి చూస్తూ, "అంటే ఇంక తిరగెయ్యడానికి అవదేటి?" అన్నాడు. ఊరట కన్నా బాధే ఎక్కువ వినపడింది.

నారాయణమూర్తి గారిని అడిగి, సొసైటీ ప్రకటనలకి హార్నులకి తగిలించే మైకు తీసుకున్నాను. ఊరిని సొసైటీ దగ్గరికి రమ్మనడానికి అనుకున్నారాయన. నేను మైకులోనే చెప్పేశాను. మనుషుల ముఖాలు చూస్తూ చెప్పే ధైర్యం లేదు.

"నేను దుర్గని. నా గొంతు మీకు తెలుసు. మంగళవారం హార్ను పలకకపోవడం ఎర్రన్న మావ తప్పు కాదు. అప్పటికి ఆరు రోజులుగా ఆయన ముళ్ళు ముట్టుకోలేదు. నేను రాయాల్సిన నాలుగు వరుసలు రాయలేదు. రాశావా అంటే ఊఁ అన్నాను. బస్సు పోతుందని. తాళం చెవి ఆయనకి ఇచ్చేయండి."

ఇంకేదో చెప్పాలనుకున్నాను. మైకు బల్ల మీద పెట్టేశాను. ఆ పెట్టిన చప్పుడు కూడా ఊరంతా విన్నది.

బయటికొస్తే జగ్గమ్మ నిలబడి ఉంది. నవ్వడం లేదు.

"బస్సు పోతాదని" అంది.

"అవును."

"నా మనిషి సెయ్యి ఇరిగినాది. బస్సు పోతాదని."

ఆమె గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. అరిచి ఉంటే బాగుండేది.

"నా గొంతు ఆ గదిలో అరిసినాదంట కదా, గోడలకి. సెక్రటరీ సెప్పినాడు. ఇన్నాక నాకు నిద్దర రానేదు." కొంగు నడుముకి దోపుకుంది. "మేవూ తక్కువ తిన్నామేటి? ముసిలోడి సేత ముళ్ళు పీకించినాము. ఎవులి తప్పు ఎంతో తూకం ఎయ్యడానికి నా కాడ తక్కెడ నేదు. వల పోనాది. కొత్త వల అల్లాల. ఆడికి సెయ్యి నేదు. నీకు రెండున్నాయి. ఆదివారం రా. వల అయ్యీవరకూ పెతీ ఆదివారం రా."

"నాకు వల అల్లడం రాదు."

"రాయడం వొచ్చునా? అదీ సెయ్యనేదు కదా. ఇదైనా నేర్సుకో."

ఎర్రన్న మావ తాళం చెవి తిరిగి మొలతాడుకి కట్టుకుంటుంటే ముడి రెండుసార్లు జారింది. వినోద్ సాయం చేయబోతే, "నీ గుండీలు నువ్వు సూసుకో బాబూ" అన్నాడు. అప్పుడు మాత్రం జగ్గమ్మ నవ్వింది.

నవంబరు 3, సోమవారం

మెమో ఇచ్చారు. మూడు ఊళ్ళ పని నాకు కాదు, వినోద్‌కి. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. మధ్యాహ్నం మెట్ల దగ్గర వచ్చింది.

నవంబరు 5

నారాయణమూర్తి గారు ఆఫీసుకే వచ్చి సంతకం పెట్టారు. పెడుతున్నంతసేపూ తల ఎత్తి నన్ను చూస్తున్నారు. మీసం తెల్లగా ఉంది. రంగు మానేశారు.

"ఏదైనా అనదలుచుకుంటే ఇప్పుడే అనమ్మా, ఎదురుగా."

"బాగుందండీ" అన్నాను. నిజంగానే బాగుంది.

నవంబరు 9, ఆదివారం

పొద్దున్న నుంచి మధ్యాహ్నం వరకు వల అల్లాను. నేను అల్లిన చోట కళ్ళన్నీ వేరువేరు సైజులు. అప్పలసూరి మెడకి కట్టు వేలాడేసుకుని వచ్చి, నేను అల్లింది పైకెత్తి చూసి, "ఈ కాడ సేపకి దారి వొగ్గినారు" అని విప్పేశాడు. మళ్ళీ అల్లాను. మళ్ళీ విప్పాడు. మూడోసారి ఏమీ అనకుండా పక్కకి వెళ్ళి కూర్చున్నాడు.

వినోద్ కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. సూది పట్టుకోవడం పొందూరు వాళ్ళకి పుట్టుకతో వస్తుందన్నాడు. నాకన్నా ఘోరంగా అల్లాడు.

తిరిగి వస్తూ శ్రీకాకుళం బస్టాండులో దిగాక నాతో ఒక మాట అన్నాడు.

నవంబరు 10, సోమవారం

పంతొమ్మిది రోజుల తర్వాత నాలుగున్నరకి కాల్ చేశాను. చేసే ముందు నారాయణమూర్తి గారికి ఫోన్ చేసి హార్నుల కింద నిలబడమన్నాను. ఏమీ వినపడటం లేదమ్మా, బొత్తిగా వినపడటం లేదు, అన్నారు. ఆయన గొంతులోనూ కాస్త వెలితి ఉంది.

"మావా, గిన్నెలు తిరుగుతన్నాయా?"

"తిరుగుతన్నాయి."

"లైటు?"

"పచ్చగున్నాది. నీళ్ళు రానేదు." మూడు జవాబులూ ఒకేసారి ఇచ్చేశాడు, తొందరగా ఉన్నట్టు. "ఇంక సెప్పు బుజ్జీ."

"గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవులూ నేరు."

ఎవరో దగ్గారు. గాజులు గలగలమన్నాయి. చాపలు సర్దుకుంటున్న చప్పుడు. ఆ గది ఎనిమిదడుగులు కూడా ఉండదు. లోపల ఎంతమంది ఇరుక్కున్నారో, ఊపిరి తీసుకుంటుంటే మైకు బరువెక్కింది.

"మావా..."

"ఒసే, దగ్గుతావేటి? మేం ఇక్కడ నేమని సెప్పమన్నాను కదేటి?" అని జగ్గమ్మ గుసగుసలాడింది. జగ్గమ్మ గుసగుసకి మా ఆఫీసులో ఇద్దరు తలలు తిప్పి చూశారు. "మేం నేము, నేము! ఇంక బుజ్జిని సెప్పమను! నిన్న ఎల్లేటప్పుడు దారిలో ఆ బాబు ఏటైనా అన్నాడేటి?"

లేచి మా గది తలుపు వేసి వచ్చాను. వినోద్ బల్ల ఖాళీగా ఉంది, టీకి వెళ్ళినట్టున్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి నుంచి చెప్పాను, ఎక్కడ నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకున్నాడు, ఏమన్నాడు, నేనేమన్నాను, అన్నీ. ఎవరూ అడ్డు రాలేదు. అయిపోయాక ఎర్రన్న మావ ఒక్కడే, చాలాసేపటికి, ఊఁ అన్నాడు.

ఇక్కడ మళ్ళీ రాయడానికి ఓపిక లేదు. చెప్పేశాను కదా.